గుండుసూదుల మోనాలీసా

కొరివితో తల గోక్కునేవాళ్ళ గురించి వినడమే గాని, ఆ పని తనే చేస్తుందని చిట్టి ఎన్నడూ అనుకోలేదు. పైగా గోక్కున్నది తన తల కూడా కాదు, అక్క తల.

చిట్టి అంటే చిన్నపిల్లేమీ కాదు. పాపిట దగ్గర తెల్ల వెంట్రుకలు తొంగిచూస్తున్న మనిషి. చిన్నప్పుడు అక్క పెట్టిన ముద్దుపేరు అలా అతుక్కుపోయింది, అంతే. పనిచేసేది జిరాక్సు షాపులో. మిషనుకి కాగితాలు తినిపించడం, కార్డులకి ప్లాస్టిక్ తొడుగు వేయడం, పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడం, "ఇందులో నా మొహం నల్లగా వచ్చింది" అని అలిగేవాళ్ళకి ఇంకో కాపీ తీసివ్వడం. బేరాలు లేనప్పుడు మూలనున్న కంప్యూటర్ ముందు చేరి వికీ పని చేసుకునేది. ఓనరు ఏమీ అనేవాడు కాదు, కరెంటు ఎలాగూ కాలుతోంది కదా అని.

వికీ అంటే ఇంటర్నెట్‌లో జనమే రాసుకునే విజ్ఞాన సర్వస్వం, అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసిందాన్ని ఎవరైనా దిద్దొచ్చు. ఆ 'ఎవరైనా' అన్న మాటే చిట్టికి తెగ నచ్చింది. జీతం లేదు, బత్తెం లేదు, తిట్లకి మాత్రం కొదవ లేదు. అయినా పిచ్చి పట్టినట్టు చేసేది. తను రాసేది తక్కువ, బొమ్మలు ఎంచేది ఎక్కువ. ఏ పేజీకి ఏ బొమ్మ బావుంటుంది, ఏది పైన ఉండాలి, ఏది కింద. రెండు బొమ్మల మధ్య ఎటూ తేల్చుకోలేక రోజులు గడిపేస్తుందని అక్కడ తన మారుపేరు కూడా తనే 'గోడమీదపిల్లి' అని పెట్టుకుంది. కనబడినవాళ్ళకల్లా ఆ పని నేర్పేది కూడా. జిరాక్సుకొచ్చిన ముసలాయన్ని కూర్చోబెట్టి, "ఇక్కడ నొక్కండి బాబాయ్, మీరూ రాయొచ్చు" అంటే ఆయన దణ్ణం పెట్టి పారిపోయాడు.

ఈ మధ్య చేతికి వచ్చిన పేజీ, పేరున్న చిత్రాలకి జనం వేసే పేరడీల గురించినది. అందులో సగం మోనాలీసావే. ప్రపంచంలో ఆవిణ్ణి ఆటపట్టించినంతగా మరదళ్ళు కొత్త బావని కూడా ఆటపట్టించి ఉండరు. చేతికి ఫోనిచ్చారు, నెత్తికి హెల్మెట్ పెట్టారు, ఒళ్ళో పిల్లిని కూర్చోబెట్టారు. చిట్టి వాటిలో ఒక్కోటి ఏరి పెట్టడం, గీటురాయి అనే మారుపేరుతో ఉన్న పెద్దమనిషి ఒక్కోటి పీకేయడం. ఎవరో ఏ ఊరో కూడా తెలియదు. "ఇది వేసినవారి అనుమతి ఏది? ఇది ఎక్కడ, ఎప్పుడు తీసిన ఫోటో? వివరాలు లేవు, తీసేస్తున్నాను." ఎప్పుడూ ఇదే పాట. చిట్టి ఆ మనిషిని మనసులో తిట్టని తిట్టు లేదు. మళ్ళీ బొమ్మ పెడితే వివరాల గడి ఒక్కటి కూడా ఖాళీ ఉంచకూడదని పంతం పట్టింది.

సరిగ్గా అప్పుడే, ఊళ్ళో షాపులకి బోర్డులు రాసే మాస్టారు అక్క షాపుకి ఒక బోర్డు రాశాడు.

రెండు వీధులవతల ఉన్న కుట్టు షాపులో అక్క పనిచేస్తుంది. షాపు నడిపే పెద్ద మేడమ్ కొత్త బోర్డు రాయమని మాస్టారుని పిలిచింది. కొలతలు తీసుకుంటున్న మాస్టారు, మెడలో టేపు వేసుకుని పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని కోటు అంచు మడుస్తున్న అక్కని చూశాడు. "అలాగే ఉండమ్మా, కదలకు" అని పెన్సిలు తీశాడు. వారం తిరిగేసరికి షాపు నెత్తిన మోనాలీసా వెలిసింది. అదే ముదురు రంగు గౌను, ఒకదాని మీద ఒకటి వేసుకున్న అవే చేతులు, వెనకాల అవే కొండలు. మెడలో మాత్రం టేపు, మూసిన పెదాల మధ్య వరసగా గుండుసూదుల తలలు.

"ఆవిడ నవ్వులో రహస్యమేంటని లోకమంతా జుట్టు పీక్కుంటోంది కదా, ఇదిగో, ఇదీ రహస్యం. నోరు తెరిస్తే సూదులు రాలిపోతాయి" అన్నాడు మాస్టారు, తన జోకుకి తనే ముందు నవ్వుతూ.

ముఖం మోనాలీసాదే వేద్దామనుకున్నాడట. చెయ్యి మాత్రం కన్ను చూసిందే వేసింది. అచ్చం అక్కే.

అక్క మొహం బోర్డెక్కడం మంచిది కాదని చిట్టికి ఆ రోజే తెలుసు. తెలిసీ నోరు మూసుకుంది. ఎందుకంటే అక్క ఆ బోర్డు కింద చాలాసేపు నిలబడి, "నేనింత బావుంటానా చిట్టీ" అని అడిగింది. అలా అడిగిన మనిషికి ఆ బోర్డు దింపించెయ్యమని ఎలా చెప్తుంది?

బావ సంగతి చెప్పకపోతే చిట్టి భయం ఎవరికీ అర్థం కాదు. బావ తాగడు, అరవడు, గట్టిగా తలుపు కూడా వెయ్యడు. బయటివాళ్ళందరి లెక్కలో బంగారంలాంటి మనిషి. అక్క మొదటిసారి ఇల్లు వదిలి వేరే ఊళ్ళో గది తీసుకున్నప్పుడు, ఆయన ఆ ఊరొచ్చి షాపు షాపుకీ తిరిగి ఫోటో చూపించాడు. "మా ఆవిడండీ. మతిస్థిమితం లేదు, మందులు మానేసి తప్పిపోయింది. ఎక్కడైనా కనిపిస్తే కాస్త చెప్పండమ్మా" అన్నాడు. గొంతులో తడి కూడా ఉందట. జాలిపడి ఆ వీధి వాళ్ళే దగ్గరుండి అక్క గది చూపించారు. అక్క లోపల్నించి ఏడ్చి మొత్తుకుంటుంటే, పాపం మతి చెడింది కదా అనుకుని తలుపు దాకా వచ్చి ఆయనకి సాయం పట్టారు. ఇంటికెళ్ళాక ఆయన ఆమె కుడి మణికట్టు మెలితిప్పాడు. ఆ ఎముక వంకరగానే అతుక్కుంది. ఈసారి పారిపోతే చెయ్యి కాదు, మెడ అని నెమ్మదిగా, సర్దిచెబుతున్నట్టు చెప్పాడట. అక్క రెండోసారి పారిపోయి వచ్చింది చిట్టి దగ్గరికి. చిట్టి ఎక్కడుంటోందో ఆయనకి తెలియకపోవడం ఒక్కటే అదృష్టం.

అప్పట్నించీ చిట్టి పెట్టిన కట్టుబాటు ఒకటే. అసలు పేరు ఎక్కడా చెప్పకూడదు. కుట్టు షాపులో అక్క కొత్తావిడ. చేరి రెండేళ్ళు దాటినా ఇంకా కొత్తావిడే. అసలు పేరేంటని మొదట్లో ఒకరిద్దరు అడిగారు, అక్క నోట్లో సూదులు చూపించి తలూపింది, వాళ్ళూ వదిలేశారు.

ఇంత జాగ్రత్త తెలిసిన చిట్టి చేసిన పనేమిటంటే, బోర్డుకి ఫోటో తీసి వికీలో పెట్టడం.

ఆ క్షణంలో ఆమెకి అది అక్క మొహం కాదు. ఎవరూ వేలెత్తి చూపలేని పేరడీ బొమ్మ. వేసినవాడు ఎదురుగానే ఉన్నాడు, అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు. ఫోటో తీసింది తనే. గీటురాయి ఈసారి నోరెత్తలేడు. నిజంగానే ఎత్తలేదు. పైగా "మంచి ఎంపిక" అని రెండు ముక్కలు రాశాడు. ఆ రెండు ముక్కలకే చిట్టి పొంగిపోయి రెండు రోజులు ఓనరు మీద కూడా విసుక్కోలేదు. ఆ తర్వాత ఒక ఉదయం వచ్చి చూసేసరికి ఆ బొమ్మ ఏకంగా వికీ మొదటి పేజీకి ఎక్కి కూర్చుంది. ఆ రోజుకి అదే అందరూ చూసే బొమ్మ. చిట్టికి కాళ్ళు నేల మీద నిలవలేదు.

మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక, ఎవరేమంటున్నారో చూద్దామని మళ్ళీ పేజీ తెరిచింది. బొమ్మ కింద తను రాసిన వాక్యం పక్కన కొత్త వాక్యం ఒకటి చేరి ఉంది.

'ఈ బొమ్మలో ఉన్న మనిషి' అని, ఆ తర్వాత అక్క అసలు పేరు. ఇంటిపేరుతో సహా.

చిట్టికి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో ఉన్న కాగితాల కట్ట నేల మీద పడింది. ఆ వాక్యం చేర్చిన వాళ్ళకి పేరు లేదు, వరసగా అంకెలు మాత్రమే ఉన్నాయి. ఖాతా తెరిచి లోపలికి రాకుండా వాకిట్లో నుంచి రాసిపోయే వాళ్ళందరికీ అలాగే అంకెలుంటాయి. ఈ ఊళ్ళో ఆ పేరు తెలిసిన మనిషి తనొక్కతే. మరి రాసిందెవరు? ఇంకెవరు రాస్తారు? చూశాడు. పోల్చుకున్నాడు. పోల్చుకున్నానని తెలియాలనే రాశాడు. ఆయన పద్ధతే అంత. కొట్టే ముందు కూడా కొడతానని మర్యాదగా చెబుతాడు.

గబగబా ఆ వాక్యం తీసేసింది. తీసేసి ఏం లాభం? వికీలో తీసేసింది తీసేసినట్టు ఉండదు. పాత పేజీ తిరగేసి చూడాలనుకున్నవాళ్ళకి అది అక్కడే పడి ఉంటుంది. ఆనవాలు లేకుండా తుడిచే అధికారం గీటురాయి లాంటి పెద్దలకే ఉంది. ఇన్నాళ్ళూ బొమ్మ తీసేయొద్దని ఎవరితో పోట్లాడిందో ఆ మనిషి కాళ్ళే పట్టుకోవాల్సి వచ్చింది.

'దయచేసి ఆ బొమ్మ పూర్తిగా తుడిచేయండి. ఇప్పుడే' అని చాటుగా ఉత్తరం రాసింది.

'కారణం?' అని వచ్చింది జవాబు. ఆ మనిషి పుట్టుకే అంత.

చిట్టి ఉన్నదున్నట్టు రాసేసింది. ఆ బొమ్మలో ఉన్నది మా అక్క, చంపుతానన్న భర్త నుంచి దాక్కుని ఉంది, ఎవరో ఆమె పేరు రాశారు. రాసి, తెర వంక చూస్తూ కూర్చుంది. గోళ్ళు కొరుక్కుంది. అద్దం తలుపు అవతల ఎవరో ఆగితే గుండె గుభేలుమంది. ఎండ ధాటికి నీడ కోసం ఆగిన మనిషి, అంతే.

జవాబు వచ్చింది. 'తుడిచేశాను. పేరు, బొమ్మ, మీరు ఇచ్చిన వీధి పేరు, అన్నీ. కానీ పొద్దుట్నించీ మొదటి పేజీలో ఉంది కదా, వేరే భాషల వికీల వాళ్ళు కూడా తీసుకెళ్ళారు. అక్కడ నా చెయ్యి ఆడదు. మీరు ఇక్కడ కూర్చోకండి. వెంటనే ఆమె దగ్గరికి వెళ్ళండి.'

వీధి పేరు.

చిట్టి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఔను, ఇచ్చింది. ఒక్క గడి కూడా ఖాళీ ఉంచకూడదన్న పంతంతో ఎక్కడ తీసింది, ఏ ఊరు, ఏ వీధి, ఏ షాపు, అన్నీ పూసగుచ్చినట్టు నింపింది. ఇంకేం కావాలి? వెతుక్కునే శ్రమ కూడా లేకుండా అక్కని తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

ఓనరుకి చెప్పిందో లేదో కూడా గుర్తులేదు. వీధిలో పడింది. చెప్పుల పట్టీ కూడా సరిగా పెట్టుకోలేదు. రెండు వీధులంటే ఎంత దూరం, రోజూ అక్కకి భోజనం డబ్బా ఇవ్వడానికి నడిచే దారే. ఆ రోజు తరగలేదు. ఎదురుగా వచ్చే ప్రతి మగవాడి మొహమూ బావ మొహమే. మందుల షాపు మెట్ల మీద ఒకాయన ఫోను చూసుకుంటూ నిలబడితే దారి మార్చి సందులోకి తిరిగింది. తిరిగాక, ఆయనే అయితే తను వెనక్కి తిరిగిపోవడమేమిటి, అక్క ఒంటరిగా ఉంది కదా అని ఏడుపొచ్చింది. భయపడ్డవాడికి తాడు కూడా పామే అంటారు. కానీ చిట్టి విషయంలో పాము నిజంగానే ఉంది.

షాపు దగ్గరికొచ్చి తలెత్తి చూస్తే బోర్డు మీద అక్క, సూదులు పట్టుకుని, ఎప్పట్లాగే. బొమ్మ కింద షాపు ఫోను నంబరు కూడా పెద్దపెద్ద అంకెల్లో ఉంది. ఫోటోలో అదీ పడింది.

లోపల అంతా మామూలుగా ఉంది. మిషన్లు తిరుగుతున్నాయి. కాజాలు కుట్టే ఆవిడ ఏదో చెబుతుంటే, బట్ట అంచులకి ఓవర్‌లాక్ కుట్టు వేసే ఆవిడ నవ్వుతోంది. పెద్ద మేడమ్ బల్ల మీద బట్ట పరిచి సుద్దతో గీతలు గీస్తోంది. అక్క తన మిషను ముందు కూర్చుని, వంకర మణికట్టు నొప్పి పుట్టకుండా మోచేతితో బట్ట తోస్తోంది. బతికే ఉంది. చిట్టి ఆమె రెక్క పట్టుకుని లేపి, కొలతలు సరిచూసే గదిలోకి లాక్కెళ్ళి తెర వేసేసింది.

"ఏమైందే? మొహం అలా ఉందేంటి?"

"సామాను సర్దుకో. ఇప్పుడే పోవాలి. బావ కనిపెట్టేశాడు."

అక్క గోడ పట్టుకుంది. "ఎలా?"

"నీ బొమ్మ వికీలో పెట్టాను. కింద నీ పేరు రాశాడు. ఇంటిపేరుతో సహా. నేను తీసేశాను. బొమ్మ కూడా తుడిపించేశాను."

అక్క గోడ మీంచి చెయ్యి తీసింది. తర్వాత మెల్లగా అంది, "తీసేశావా?"

"తీసెయ్యకపోతే?"

"అది రాసింది నేనే చిట్టీ."

పట్టుకున్న రెక్క చిట్టి వదిలేసింది.

"కాజాలావిడ ఫోనులో చూపించింది. నీ బొమ్మ వచ్చింది కొత్తావిడా అని. అందరూ చూశారు. ఎవరైనా రాయొచ్చని నువ్వేగా చెప్పావు, ఎక్కడ నొక్కాలో చూపించావు కూడా. ఆవిడ టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఆ ఫోనులో రాశాను."

"ఎందుకే? పిచ్చా నీకు?"

"ఆ మాట నువ్వు కూడా అనకు." అక్క గొంతు పెద్దది కాలేదు, కానీ చిట్టికి తల వాలిపోయింది. "ఇన్నాళ్ళూ కొత్తావిడనే కదా. రోజూ ఇంటికి నడిచొస్తుంటే ఒకటే ఆలోచన. ఈ దారిలో నాకేదైనా అయితే, వీళ్ళు ఏ పేరు చెప్పి వెతుకుతారు నన్ను? కొత్తావిడ కనబడ్డం లేదంటే ఎవరు పట్టించుకుంటారు? అప్పుడా ఊళ్ళో అంతమంది నన్ను ఆయనకి అప్పజెప్పారంటే, ఎందుకు? నేనెవరో వాళ్ళకి తెలీదు. ఆయన చెప్పిందే నేను. ఒక్క చోట, నా మొహం కింద నా పేరుండనీ అనుకున్నాను. నువ్వూ చెరిపేశావా?"

ఆ చివరి మాట చిట్టికి గుండెల్లో గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ అక్కని కాపాడుతున్నాననుకుంది. మనిషిని దాచిపెట్టడమూ, మనిషిని లేకుండా చెయ్యడమూ దగ్గరదగ్గర పనులేనని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కానీ ఏడవడానికి కూడా ఇప్పుడు సమయం లేదు, ఇంకో మాట మిగిలే ఉంది.

"అక్కా, ఆ బొమ్మతో పాటు వీధి పేరు కూడా పెట్టాను. ఊరు, షాపు, అన్నీ."

అప్పుడు భయపడింది అక్క. మొహంలో నెత్తురు చుక్క లేదు. "వీధి పేరా" అంది. "నాకు తెలీదే. పేరొక్కటే ఉంటుందనుకున్నాను, ఎక్కడో ఏమిటో ఉండదనుకున్నాను." మాస్టారు మొహం ఇచ్చాడు, చెల్లెలు వీధి ఇచ్చింది, తను పేరు ఇచ్చింది. ముగ్గురూ మంచికే ఇచ్చారు. ముగ్గురూ కలిసి ఆయనకి చిరునామా రాసిచ్చారు.

"పోదాం" అంది చిట్టి. "వెనక తలుపు నుంచి."

తెర పక్కకి జరిగింది. పెద్ద మేడమ్. చెవి మీద ఇంకా సుద్దముక్క ఉంది.

"కొత్తావిడా, నిన్నొకటి అడగాలి. పొద్దున్న ఒకాయన ఫోను చేశాడు. పాపం, వాళ్ళావిడకి మతిస్థిమితం లేదట, మందులు వేసుకోకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయిందట. మన బోర్డు మీద బొమ్మ ఎక్కడో చూశాడట, అచ్చం అలాగే ఉంటుందన్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో, ఏడ్చినంత పని చేశాడు. కనుక్కుని చెప్తాను, భోజనాల తర్వాత చెయ్యండి అన్నాను." ఆవిడ అక్కని పైనుంచి కిందికి కొత్తగా చూసింది. "నువ్వేనా అమ్మా? నిజం చెప్పు. ఒంట్లో బాలేకపోతే దాచుకోవడం ఎందుకు? మంచివాడిలా ఉన్నాడు."

ఆ 'అమ్మా'లో ఉన్న జాలిని చిట్టి పోల్చుకుంది. మళ్ళీ అదే. ఆయన ఇంకా ఊళ్ళో కాలు పెట్టనేలేదు, సాయం పట్టే చేతులు అప్పుడే సిద్ధమైపోయాయి.

చిట్టి అక్క చెయ్యి లాగింది. అక్క కదల్లేదు. పరుగెత్తితే మతి చెడిందన్న మాటకి సాక్ష్యం తనే ఇచ్చినట్టవుతుందని ఆమెకి తెలిసినట్టుంది. పెద్ద మేడమ్‌ని దాటుకుని షాపు మధ్యలోకి నడిచింది. మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి.

"నా పేరు కొత్తావిడ కాదు" అని మొదలుపెట్టింది. తన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. తర్వాత అంతా చెప్పింది. వరసలో చెప్పలేకపోయింది. తలుపు దాకా వచ్చి సాయం పట్టిన వీధివాళ్ళ గురించి ముందు చెప్పి, అసలు ఎందుకు పారిపోయిందో తర్వాత చెప్పింది. మధ్యలో రెండుసార్లు గుక్క తిప్పుకోలేక ఆగింది. మణికట్టు ఎత్తి చూపించింది. చిట్టి వింటూ వాళ్ళ మొహాలు చూస్తోంది. ఓవర్‌లాక్ ఆవిడ కళ్ళు నిండాయి. కాజాలావిడ తల వంచుకుంది. పెద్ద మేడమ్ మొహంలో మాత్రం ఏమీ తెలియడం లేదు. నమ్మిందా? మతి చెడినవాళ్ళు కూడా ఇంత బాగా చెప్తారు కదా అనుకుంటోందా? అక్క ప్రాణం ఇప్పుడు ఆ ఒక్క మనిషి నమ్మడం మీద ఉంది.

గోడకున్న ఫోను మోగింది.

పెద్ద మేడమ్ వెళ్ళి తీసింది. ఒక మాట విని, అక్క వంక ఒకసారి చూసి, అందరికీ వినిపించేలా మీట నొక్కింది.

"అమ్మా, నమస్కారం. పొద్దున్న చేశాను. విసిగిస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కనుక్కున్నారా?" మెత్తటి గొంతు. ఎవరికైనా కుర్చీ వెయ్యాలనిపించే గొంతు. "పాపం దానికి ఏమీ తెలీదమ్మా. నన్ను చూస్తే కాస్త గొడవ చేస్తుంది, మీరు కంగారు పడకండి. నేనొచ్చేదాకా ఎక్కడికీ పోకుండా చూస్తే మీ మేలు మర్చిపోను. బయల్దేరమంటారా?"

పెద్ద మేడమ్ నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో చిట్టికి ఇప్పటికీ తెలియదు. అంతలో అక్క ఫోను దగ్గరికి వచ్చింది. వంకర మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"నేనే మాట్లాడుతున్నాను. నాకు ఒంట్లో బాగానే ఉంది. మీరు విరిచిన చెయ్యి తప్ప. ఇక్కడ అందరికీ చెప్పాను."

ఫోనులో ఏ చప్పుడూ లేదు. పెట్టేశాడేమో అనుకున్నారు.

"ఏయ్" అన్నాడు.

ఒక్క మాటే. అమ్మా, ఏమీ అనుకోకండి, మీ మేలు మర్చిపోను అన్న నోరే. గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. కానీ ఆ మాట వినగానే అక్క తల దానంతట అదే భుజాల్లోకి దిగిపోయింది, రెండు చేతులూ మొహానికి అడ్డంగా లేచాయి. మనిషి ఎక్కడో ఊళ్ళవతల ఉన్నాడు, ఆయన చెయ్యి ఇక్కడికి అందదు. అయినా లేచాయి. షాపులో ఉన్న ఆడవాళ్ళందరూ అది చూశారు.

పెద్ద మేడమ్ ఫోను దగ్గరికి వంగింది. "ఆవిడకి పేరుంది" అంది. "ఈ గడప తొక్కావంటే నీ సంగతి చూడ్డానికి ఇక్కడ చాలామందిమి ఉన్నాం." పెట్టేసింది.

అక్క నిలబడ్డచోటే నేల మీద కూలబడింది. చిట్టి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఐసుగడ్డలా ఉంది.

"భయమేస్తోందే చిట్టీ" అంది అక్క. "వస్తాడు. నాకు తెలుసు. చచ్చేంత భయంగా ఉంది."

"నాక్కూడా" అంది చిట్టి. ఇంకేమీ అబద్ధం చెప్పాలనిపించలేదు.

ఓవర్‌లాక్ ఆవిడ వెళ్ళి వీధి తలుపు దగ్గర నిలబడింది. కాజాలావిడ నీళ్ళు తెచ్చింది. పెద్ద మేడమ్ మళ్ళీ ఫోను తీసి పోలీసు స్టేషను నంబరు కలిపింది. ఏదో చెప్పింది, అవతలివాళ్ళు ఏదో అడిగారు. ఆవిడ రిసీవర్ని అక్క వైపు చాచింది.

"ఫిర్యాదు ఎవరి పేరు మీద అని అడుగుతున్నారు."

అక్క లేవబోయింది, లేవలేకపోయింది. పెద్ద మేడమ్ తీగ సాగదీసి రిసీవర్ని కిందికి అందించింది. అక్క చిట్టి చెయ్యి వదలకుండానే తన పేరు చెప్పింది. గొంతు వణికి సగం మింగేసింది. సరిగా వినబడలేదు, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పింది. రెండోసారీ వణికింది, కానీ వాళ్ళు రాసుకున్నారు.